తరగతి గదిలో పరిశోధన: ఢిల్లీ నుంచి హోషంగాబాద్ దాకా

పరిశోధన అనగానే మీకు విశ్వవిద్యాలయాలు, ప్రయోగశాలలు గుర్తుకు వస్తాయి. ఉపాధ్యాయుడు తన తరగతిలోనే, తన పాఠం మీదే పరిశోధన చేస్తే దానిని చర్యా పరిశోధన అంటారు. 1946లో కర్ట్ లెవిన్ ఈ మాటతో వ్యాసం ప్రచురించాడు. 1953లో స్టీఫెన్ కోరీ దీనిని బడులకు అన్వయిస్తూ పుస్తకం రాశాడు. నిర్వచనాలు ఇంతటితో చాలు. మన దేశపు ఉదాహరణ ఒకటి చూద్దాం. దానిని ఆ పేరుతో పిలవకపోయినా పని మాత్రం అదే.

1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (ఇప్పుడది నర్మదాపురం) 16 మిడిల్ స్కూళ్లలో కొత్త పద్ధతిలో విజ్ఞానశాస్త్ర బోధన మొదలైంది. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ అనుమతితో దీనిని చేపట్టాయి. 1973 నుంచి ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు ఇందులో పాలుపంచుకున్నారు. రాజధానిలో పెద్ద తరగతులకు పాఠాలు చెప్పేవారు పల్లెబడి పంతుళ్ల పక్కన కూర్చుని ఆరో తరగతి ప్రయోగాలు చేశారు. ఇది చిన్న విషయం కాదు.

ఒకే బల్లను పదిమంది పిల్లలు కొలిచారనుకోండి. కొలతలన్నీ ఒకేలా రావు. మామూలు తరగతిలో ఒకటి ఒప్పు, తక్కినవి తప్పు. ఇక్కడ ఆ తేడా ఎందుకు వచ్చిందన్నదే పాఠం. అయితే అలాంటి పాఠం అసలు తరగతిలో సాగుతుందా? పిల్లలు ఎక్కడ తికమకపడ్డారు? ఏ ప్రయోగం విఫలమైంది? ఉపాధ్యాయులు ఇవన్నీ నెలవారీ సమావేశాలకు తెచ్చి చర్చించేవారు. ఆ అనుభవాలను బట్టి 'బాల వైజ్ఞానిక్' పుస్తకాలను తిరగరాశారు. పరీక్షలూ మారాయి: పుస్తకం చూసి రాయవచ్చు, ప్రయోగం మాత్రం చేసి చూపాలి! 1978లో ఇది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత దీని బాధ్యత తీసుకుంది.

పాఠం ఎలా ఉండాలో తేల్చే హక్కు ఎవరిది? పై అధికారిదా, పిల్లల ముందు నిలబడే ఉపాధ్యాయుడిదా? 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ఆపివేసింది. తక్కిన బడుల పాఠ్యపుస్తకమే అక్కడికీ వచ్చింది. పరీక్షా ఫలితాల మీద పెద్ద వాదోపవాదాలు నడిచాయి. మార్కులతో మాత్రమే దీనికి విలువ కట్టడం నా దృష్టిలో అన్యాయం. ఆ సమావేశాల్లో ఉపాధ్యాయులు నేర్చినది ఏ మార్కుల జాబితాలోనూ కనిపించదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లో ప్రాథమిక ఉపాధ్యాయుల కోసం నాలుగేళ్ల బి.ఎల్.ఎడ్. కోర్సు ప్రారంభించింది. చివరి ఏడాది అభ్యర్థి నెలల తరబడి బడిలో పాఠం చెప్పాలి. ఆ రోజు తరగతిలో ఏం జరిగిందో, ఎందుకలా జరిగిందో తన డైరీలో రాసుకోవాలి.