శాలిహోత్రుడి నుంచి సాలోత్రి దాకా: దక్కనులో గుర్రపు కాలిగాయం, వైద్యుణ్ణి పిలిచే వేళ

తెలుగులో అశ్వశాస్త్ర రచన అనగానే మనుమంచి భట్టు హయలక్షణ గ్రంథం గుర్తుకు వస్తుంది. ‘హయలక్షణం’ అనే మాటలోనే ఆ శాస్త్ర దృష్టి ఏమిటో తెలుస్తుంది. వన్నె, సుడులు, పలువరుస, నడక మొదలైనవాటిని బట్టి మేలైన గుర్రాన్ని ఎంచడం లక్షణ శాస్త్రం పని. కొన్న గుర్రం కాలికి దెబ్బ తగిలినప్పుడు దానిని ఎవరు చూడాలి? ఏ దశలో వైద్యుణ్ణి పిలవాలి? ఈ ప్రశ్నకు సమాధానం లక్షణ గ్రంథాల కంటే పాలనా గ్రంథాల్లోనూ, వర్తకుల కథనాల్లోనూ, వృత్తిపదాల్లోనూ ఎక్కువగా దొరుకుతుంది. కల్యాణి, బీదరు, జహీరాబాద్, గోల్కొండల మీదుగా సాగే దక్కను దారిని ఆధారం చేసుకొని ఈ అంశాన్ని పరిశీలించవచ్చు.

పిలిచే బాధ్యత ఎవరిది?

కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలోని అశ్వాధ్యక్ష ప్రకరణం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. శాలలోని గుర్రాల వయస్సు, వన్నె, గుర్తులు, అవి వచ్చిన తీరు లెక్క రాసి ఉంచడం అధ్యక్షుని విధి. అంగవైకల్యం ఉన్నవాటినీ, జబ్బుపడ్డవాటినీ పైవారికి తెలియజేయాలి. చికిత్సకు గాని మందుకు గాని ఆటంకం కలిగి వ్యాధి ముదిరితే వైద్యపు ఖర్చుకు రెట్టింపు దండుగ కట్టాలి. ఆ దోషం వల్ల గుర్రానికి హాని కలిగితే దాని వెలనే దండుగగా చెల్లించాలి. ఇక్కడ శిక్ష వ్యాధి వచ్చినందుకు కాదు, దానిని ముదరనిచ్చినందుకు. రోజూ గుర్రం దగ్గర మసలేవాడు ముందుగా చూస్తాడు, చూసినది చెప్తాడు, తెలిసినవాడు వస్తాడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా చికిత్స ఆలస్యమవుతుంది.

అశ్వవైద్యానికి మూలపురుషుడిగా సంప్రదాయం శాలిహోత్రుణ్ణి చెప్తుంది. అగ్నిపురాణంలో అశ్వచికిత్సను ఆయనే సుశ్రుతునికి వివరిస్తాడు. జయదత్తుని అశ్వవైద్యకం, నకులుని పేర ఉన్న అశ్వచికిత్సితం ఈ సంప్రదాయాన్ని నిలిపాయి. ఈ రెండూ 19వ శతాబ్ది చివర కలకత్తాలో బిబ్లియోథికా ఇండికా గ్రంథమాలలో అచ్చయ్యాయి.

వైద్యుడు లేని రేవు

అశ్వవైద్యుడు లేకపోతే ఏమవుతుందో 13వ శతాబ్ది చివర దక్షిణ తీరాన్ని చూసిన మార్కో పోలో రాశాడు. మాబారు రాజు ఏటా రెండు వేలకు మించి గుర్రాలు కొంటాడనీ, సంవత్సరం తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగలవనీ ఆయన మాట. జబ్బుపడ్డ గుర్రాన్ని సాకే తీరు అక్కడివారికి తెలియకపోవడమే ఇందుకు కారణమంటాడు. గుర్రాలు తెచ్చే వర్తకులు అశ్వవైద్యులను ఆ దేశానికి వెళ్లనివ్వరనీ, ఎన్ని చస్తే అంత బేరమని వారికి సంతోషమనీ కూడా చెప్తాడు. ఆ సంఖ్యలలో అతిశయం ఉండవచ్చు. దక్షిణాదివారికి అశ్వచికిత్స బొత్తిగా తెలియదన్న మాటనూ యథాతథంగా అంగీకరించలేము. కాకతీయుల కొలువులో గజాశ్వదళాల అధికారులకు ‘సాహిణి’ అనే పదవి ఉండేది. గణపతిదేవుని గజసాహిణి జాయపసేనాని ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. అయినా మార్కో పోలో కథనంలోని వర్తక సూత్రం విస్మరించదగినది కాదు. వైద్యుడు ఆలస్యమైతే నష్టం గుర్రాన్ని కొన్నవాడిది, లాభం అమ్మినవాడిది.

బీదరు దారిలో ఒక గుర్రం

ఇప్పటి జహీరాబాద్‌కు పొరుగున ఉన్న బీదరు 15వ శతాబ్దిలో బహమనీల రాజధాని. త్వేర్ పట్టణానికి చెందిన రష్యన్ వర్తకుడు అఫనాసీ నికితిన్ ఒక మగగుర్రాన్ని ఓడలో చౌల్ రేవుకు తెచ్చి, జున్నర్ మీదుగా ఇక్కడికి నడిపించుకొచ్చాడు. ఆ గుర్రం మీద వంద రూబుళ్లు ఖర్చయ్యాయని రాసుకొన్నాడు. ఏడాదిపాటు మేపి చివరకు బీదరులో అమ్మాడు. ఈ దేశంలో గుర్రాలకు సెనగలు పెడతారనీ, చక్కెర, నెయ్యి వేసి వండిన కిచిడీ తినిపిస్తారనీ ఆయన గమనించాడు. ఆలందు దగ్గర ఏటా జరిగే సంతకు ఇరవై వేల దాకా గుర్రాలు వస్తాయని కూడా చెప్పాడు. వర్తకుడి సొత్తంతా ఒకే గుర్రమైనప్పుడు దాని కాలికి తగిలిన దెబ్బ అతని జీవనోపాధికే తగిలిన దెబ్బ.

బహమనీల కాలంలోనే శాలిహోత్ర సంప్రదాయం పారసీకంలోకి వెళ్లింది. అహ్మద్ షా వలీ పోషణలో అబ్దుల్లా బిన్ సఫీ చేసిన అనువాదం ఇందుకు నిదర్శనం. ‘శాలిహోత్ర’ శబ్దం పారసీక, ఉర్దూ వ్యవహారంలో ‘సాలోతర్’ అయింది. దాని నుంచి గుర్రపు వైద్యుడికి ‘సాలోత్రి’ అనే పేరు వచ్చింది. ఋషి పేరు వృత్తి పేరుగా మారిన ఈ పరిణామం భాషాచరిత్రలో గమనింపదగినది. గిట్టకు లాడం కట్టేవాడికి మాత్రం ‘నాల్‌బంద్’ అని వేరే పేరుంది. గిట్టను చూసేవాడు ఒకడు, కాలికి వైద్యం చేసేవాడు మరొకడు అనే విభజన ఈ రెండు పేర్లలో కనిపిస్తుంది. నిజాం కొలువులోని పాయిగా అమీర్లు అశ్వదళాల పోషణకు జాగీర్లు పొందినవారు. ‘పాయిగా’ అనే మాటకు గుర్రపుశాల అనే అర్థం కూడా ఉంది. తెలుగులో అది ‘పాగా’గా నిలిచింది. పాయిగా అమీరైన జహీర్ యార్ జంగ్ పేరు మీదనే జహీరాబాద్ వెలసిందని ప్రతీతి.

పాత సూత్రం, కొత్త వైద్యం

బొంబాయిలో 1886లో, మద్రాసులో 1903లో, హైదరాబాదులో 1946లో పశువైద్య కళాశాలలు వచ్చాయి. బ్రిటిష్ ఇండియాలో 1899 నాటి గ్లాండర్స్ అండ్ ఫార్సీ చట్టం ఆ వ్యాధిని అధికారులకు తెలియజేయడాన్ని విధిగా చేసింది. ఫార్సీ రూపంలో ఈ వ్యాధి తరచుగా వెనుక కాళ్ల మీద గడ్డలుగా, పుండ్లుగా కనిపిస్తుంది. చూపరికి మామూలు కాలిపుండు అనిపించేది మనుషులకు కూడా సోకే ప్రాణాంతక వ్యాధి కావచ్చు. ‘చూసినవాడు చెప్పాలి’ అన్న కౌటిల్యుని నియమం ఇక్కడ కొత్త రూపంలో మళ్లీ కనిపిస్తుంది.

నేటి వైద్యం చెప్పే సూచనలు కూడా ఈ దృష్టికి దగ్గరగానే ఉన్నాయి. గుర్రానికి మోకాలి కింద కండ లేదు. చర్మం కిందనే నరాలు, స్నాయువులు, కీళ్లు ఉంటాయి. అందువల్ల గాయం పరిమాణాన్ని బట్టి గాక, అది తగిలిన చోటును బట్టి ప్రమాదాన్ని అంచనా వేయాలి. గుర్రం కాలు నేల మోపలేకపోయినా, నెత్తురు ఆగకపోయినా, కీలు దగ్గర చిన్న పోటు పడినా, గాయం నుంచి పసుపువన్నె జిగట ద్రవం కారినా మరునాటి దాకా ఆగకూడదు. కీలులోకి సూక్ష్మజీవులు చేరితే గంటలు గడిచే కొద్దీ బాగయ్యే అవకాశం తగ్గిపోతుంది. గిట్టలో దిగిన మేకును వీలైనంతవరకు వైద్యుడు వచ్చేదాకా లాగకూడదు. అది ఎటు, ఎంత లోతుకు దిగిందో తెలిపేది ఆ మేకే. ధనుర్వాతం గుర్రాలకు తేలికగా సోకుతుంది కనుక, గాయం చిన్నదైనా టీకా సంగతి అడిగి తెలుసుకోవాలి.

ఉపసంహారం

పై ఆధారాలను కలిపి చూస్తే అశ్వవైద్య చరిత్రను మందుల చరిత్రగా మాత్రమే చదవడం చాలదని తేలుతుంది. వైద్యునికి కబురు ఎప్పుడు వెళ్లింది, ఎవరు పంపారు, ఆలస్యానికి మూల్యం ఎవరు చెల్లించారు అన్నవి కూడా ఆ చరిత్రలో భాగమే. గుర్రాన్ని ఎంచే విద్యను తెలుగు పద్యంలో నిలిపింది. దాని కుంటును కనిపెట్టే విద్య మాత్రం సాకేవాళ్ల నోటి మాటగానే సాగుతూ వచ్చింది. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను నడిపి బతికేవారు నేటికీ ఉన్నారు. ఆ నోటి మాట వారితో ముగిసిపోకముందే దానిని సేకరించి, నేటి వైద్యంతో సరిచూసి తెలుగులో గ్రంథస్థం చేయవలసి ఉంది.