దూరవిద్యలో డిగ్రీ చేయాలనుకుంటున్నారా? ఫీజు కట్టేముందు ఇవి చూసుకోండి

సుల్తాన్‌పూర్‌ వైద్య పరికరాల పార్కులోనో, పటాన్‌చెరు, పాశమైలారం పరిశ్రమల్లోనో షిఫ్టుల్లో పనిచేస్తూ రెగ్యులర్‌ కాలేజీకి వెళ్లడం కష్టం. ప్రమోషన్‌కో, ప్రభుత్వ ఉద్యోగానికో డిగ్రీ కావాలంటే చాలామందికి దూరవిద్యే దారి. అయితే ‘న్యాక్‌ ఏ గ్రేడ్‌’ అన్న ప్రకటన ఒక్కటే చూసి చేరితే తర్వాత ఇబ్బంది పడొచ్చు.

న్యాక్‌ గ్రేడ్‌ ఉంటే సరిపోదా?

సరిపోదు. న్యాక్‌ విద్యాసంస్థ మొత్తం నాణ్యతను మదింపు చేస్తుంది. దూరవిద్య కోర్సు నడపడానికి అనుమతి ఇచ్చేది మాత్రం యూజీసీ. ఆ పని చూసేది దాని పరిధిలోని దూరవిద్యా విభాగం (డెబ్‌). యూజీసీ 2020 నిబంధనల ప్రకారం సాధారణ యూనివర్సిటీ దూరవిద్య కోర్సులు నడపాలంటే న్యాక్‌లో 4కు కనీసం 3.01 స్కోరు ఉండాలి, లేదా ఎన్‌ఐఆర్‌ఎఫ్‌ తొలి 100 ర్యాంకుల్లో నిలవాలి. అంటే న్యాక్‌ స్కోరు అర్హత మాత్రమే, అనుమతి కాదు.

అనుమతి దేనికి ఇస్తారు?

ఏ కోర్సుకు, ఏ విద్యా సంవత్సరానికి, దూరవిద్యకా ఆన్‌లైన్‌కా అన్నది విడివిడిగా చూసి ఇస్తారు. ఒక యూనివర్సిటీ బీకాంకు అనుమతి ఉందంటే ఎంబీఏకూ ఉన్నట్టు కాదు. 1982లో ఏర్పడిన దేశంలోని తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం, నేటి డాక్టర్‌ బీఆర్‌ అంబేడ్కర్‌ సార్వత్రిక విశ్వవిద్యాలయమైనా, ఇగ్నో అయినా కోర్సు పేరు జాబితాలో చూసుకున్నాకే చేరండి.

దూరవిద్యలో బీటెక్‌ చేయొచ్చా?

కుదరదు. ఇంజినీరింగ్‌, వైద్యం, నర్సింగ్‌, ఫార్మసీ, న్యాయవిద్య వంటి కోర్సులకు అనుమతి లేదు. కొన్ని డీమ్డ్‌ యూనివర్సిటీలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజినీరింగ్‌ డిగ్రీలపై సుప్రీంకోర్టు 2017 నవంబరులో తీర్పు చెప్పింది. 2001-05 మధ్య చేరినవారి డిగ్రీలను సస్పెండ్‌ చేసి, మళ్లీ పరీక్ష రాసి నెగ్గాలంది. ఆ తర్వాత చేరినవారి డిగ్రీలను రద్దు చేసింది. వాటితో పొందిన ప్రయోజనాలనూ వెనక్కి తీసుకోవాలని ఆదేశించింది. డిప్లొమా చేసి ఉద్యోగంలో ఉన్నవారికి మరో దారి ఉంది. పనివేళలకు తగ్గట్టు కాలేజీల్లో నడిపే బీటెక్‌ కోర్సులకు ఏఐసీటీఈ 2023-24 నుంచి వీలు కల్పించింది. అది దూరవిద్య కిందికి రాదు.

చేరేముందు ఏం చేయాలి?

* డెబ్‌ పోర్టల్‌లో యూనివర్సిటీ పేరు, కోర్సు పేరు, మీరు చేరే విద్యా సంవత్సరం మూడూ సరిపోతున్నాయో చూడండి. ఆ పేజీని స్క్రీన్‌షాట్‌ తీసి దాచుకోండి.
* ముందు ఏబీసీ ఐడీ, దాంతో డెబ్‌ ఐడీ తీసుకోండి. 2024 నుంచి దూరవిద్య, ఆన్‌లైన్‌ కోర్సుల ప్రవేశాలకు ఇది తప్పనిసరి.
* ‘స్టడీ సెంటర్‌’ బోర్డు చూసి నమ్మొద్దు. ఫ్రాంచైజీ పద్ధతికి అనుమతి లేదు. ప్రవేశం యూనివర్సిటీయే ఇవ్వాలి. ఫీజు నేరుగా యూనివర్సిటీకే కట్టి రసీదు తీసుకోండి.
* వేరే రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ పేరుతో ఇక్కడ దూరవిద్య కేంద్రం నడుపుతున్నామంటే జాగ్రత్తపడండి. రాష్ట్ర యూనివర్సిటీల పరిధి ఆ రాష్ట్రం వరకే.

ఈ డిగ్రీకి విలువ ఉంటుందా?

ఉంటుంది. అనుమతి ఉన్న సంస్థ, అనుమతి ఉన్న కోర్సులో ఇచ్చిన దూరవిద్య డిగ్రీ రెగ్యులర్‌ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఉద్యోగ దరఖాస్తు సమయంలో ఎవరైనా సందేహిస్తే, మీరు చేరిన సంవత్సరానికి కోర్సుకు అనుమతి ఉందని చూపించే ఆధారమే మీకు అండ.