ముడతకు కొలత: మిశ్రమ పదార్థాల తయారీలో వంపు దృఢత్వ భావన - చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

గంజి పెట్టిన నూలు చీర కుచ్చిళ్ళు నిటారుగా నిలుస్తాయి. గంజి పోయాక అదే చీర సన్నని ముడతలు పడి జారిపోతుంది. పడుగు మారలేదు, పేక మారలేదు. మారినది వంగడానికి గుడ్డ చూపే నిరోధం మాత్రమే. ఈ నిరోధమే వంపు దృఢత్వం. కార్బన్, గాజు తంతువుల వస్త్రాన్ని అచ్చులో నొక్కి, రెజిన్‌తో గట్టిపరచి విమానాలకూ వాహనాలకూ భాగాలు తయారుచేస్తారు. నొక్కేటప్పుడు పడిన ముడత రెజిన్ గట్టిపడగానే శాశ్వతమవుతుంది. ముడత వద్ద తంతువు తిన్నదనం కోల్పోవడం వల్ల ఆ భాగపు సంపీడన బలం తగ్గుతుంది. ముడతను ముందుగా లెక్కగట్టే ప్రయత్నాలలో వంపు దృఢత్వం చాలాకాలం ఎందుకు పక్కన ఉండిపోయిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

జ్యామితి మార్గం:

కాగితంతో బంతిని ముడత లేకుండా కప్పలేం. నేసిన గుడ్డతో కొంతవరకు కప్పగలం. పడుగు పేకల మధ్య కోణం మారగలగడమే ఇందుకు కారణం. రష్యన్ గణితవేత్త చెబిషేవ్ 1878లో పారిస్‌లో దుస్తుల కత్తిరింపుపై చేసిన ప్రసంగంలో గుడ్డను సాగని దారాల వలగా భావించి ఈ సమస్యను గణితబద్ధం చేశాడు. 1956లో మాక్, టేలర్ అనే పరిశోధకులు నేసిన గుడ్డ వక్రతలాలపై అమరే తీరును ఇదే దృష్టితో విశ్లేషించారు. దారాలు సాగవు, కలిసేచోట జారవు, వాటి మధ్య కోణం మాత్రమే మారుతుంది అన్నవి ఈ పద్ధతికి ఆధారాలు. కోణం మరీ మారితే పక్కపక్క దారాలు ఒరుసుకొని బిగుసుకుంటాయి. ఆ హద్దును ‘లాకింగ్ కోణం’ అన్నారు. అది దాటితే ముడత పడుతుందని భావించారు. గణన సులభమైంది కాని, అందులో వంపు దృఢత్వానికి చోటే లేదు.

వస్త్ర పరిశోధన మార్గం:

నిజానికి ఆ కొలత అప్పటికే ఉంది. మాంచెస్టర్‌లోని షిర్లీ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన ఎఫ్.టి. పియర్స్ 1930లో, వర్తకులు వేళ్ళతో తడిమి నిర్ణయించే ‘గుడ్డ స్పర్శ’ను కొలవదగిన రాశిగా ప్రతిపాదించాడు. గుడ్డ పట్టీని బల్ల అంచు దాటి ముందుకు జరిపితే అది తన బరువుకే వంగుతుంది. వేలాడిన పొడవు, వంగిన కోణం తెలిస్తే ‘వంపు పొడవు’ లభిస్తుంది. దాని ఘనాన్ని వైశాల్య ప్రమాణానికి గల బరువుతో గుణిస్తే వంపు దృఢత్వం వస్తుంది. ఒకే బరువున్న రెండు గుడ్డలలో ఒకదాని వంపు పొడవు రెట్టింపైతే, దాని దృఢత్వం 8 రెట్లవుతుంది.

అల్పమైనది, ఉపేక్షణీయం కానిది:

ఉపేక్షకు తగిన కారణం లేకపోలేదు. ఒక కట్టలోని 3,000 తంతువులు ఒకదానిపై ఒకటి స్వేచ్ఛగా జారితే, ఆదర్శ గణన ప్రకారం కట్ట వంపు దృఢత్వం, అవన్నీ ఒకటిగా అతుక్కున్నప్పటి విలువలో సుమారు 3,000వ వంతే. అందువల్లనే ఘన పలకకు వాడే సూత్రం ఇక్కడ చెల్లదు. ఇంత చిన్న రాశిని సున్నాగా తీసుకోవడం సహజంగానే తోచింది.

ఫ్రాన్స్‌లోని లియాన్‌కు చెందిన ఫిలిప్ బువాస్, ఆయన సహచరులు 2011లో ప్రచురించిన పరిశోధన ఈ భావనను ప్రశ్నించింది. లాకింగ్ కోణం ఒక్కటే ముడతను నిర్ణయించదు. దారాలు బిగువుగా ఉంటే కోణం బాగా మారినా ముడత పడకపోవచ్చు. కోణం అంతగా మారకపోయినా ముడత పడవచ్చు. ముడత పరిమాణాన్ని ప్రధానంగా నిర్ణయించేది వంపు దృఢత్వమే. దానిని సున్నాగా తీసుకుంటే, గణనలో కనిపించే ముడతల పరిమాణం లెక్క కోసం గీసుకున్న గళ్ళ పరిమాణాన్ని అనుసరిస్తుంది. అంటే ఆ ముడత గుడ్డది కాదు, గణనది.

ముగింపు:

వస్త్ర పరిశోధకులు స్పర్శ కోసం కొలిచిన రాశి, ఎనిమిది దశాబ్దాల తరువాత మిశ్రమ పదార్థాల ముడతకు సమాధానంలో భాగమైంది. అచ్చు కోరే ఆకృతిని గుడ్డ ఎంతవరకు అనుసరించగలదో జ్యామితి చెప్పింది; అనుసరించలేనప్పుడు అది ఏ రూపం తీసుకుంటుందో చెప్పడానికి వంపు దృఢత్వం అవసరమైంది. ఒక రాశి పరిమాణంలో అల్పం కావడం వేరు, ప్రభావంలో అల్పం కావడం వేరు. ఈ భేదాన్ని గుర్తించడమే ఈ చరిత్రలోని కీలక మలుపు.