8 పౌండ్ల గిటారు, చెత్తలో దొరికిన యాంప్లిఫయర్

పోయినేడు బోనస్ పడగానే నేను చేసిన మొదటి పని, గిటారుకి తగిలించే ఎఫెక్ట్స్ ప్రాసెసర్ ఒకటి కొనడం. ఇరవై రెండు వేలు. అందులో బ్రయన్ మే శబ్దాన్ని అనుకరించే సెట్టింగు ఉందని ఎవరో చెప్పారు, దానికోసమే కొన్నా. ఆ నంబరు పెట్టి, వాల్యూమ్ పెంచి, క్వీన్ పాటలోని సోలో ఒకటి మొదలెట్టా. రూమ్మేటు పరిగెత్తుకొచ్చి "మిక్సీ కాలిపోతున్నట్టుంది, చూడరా" అన్నాడు :)

ఆ వారమే నా ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద కూర్చోబెట్టారు. ఫోన్లో నాన్నకి రెండు సంగతులూ ఒకేసారి చెప్పడం నేను చేసిన పెద్ద తప్పు. "ఉద్యోగం ఊగుతోంటే గిటారు డబ్బాలు కొంటావా?" అన్నారు. తర్వాత కొన్ని వారాలు అమ్మ ద్వారానే కబుర్లు.

సరే, బెంచ్ మీద చేతినిండా ఖాళీయే కదా. అసలు ఆ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కుందామని కూర్చున్నా. మనం బగ్గుని వెతికినట్టే, ఒక చివర నుంచి రెండో చివరకి. వేలు, నాణెం, తీగ, పికప్, యాంప్లిఫయర్, స్పీకర్. వెతుకుతూ వెళ్తే చివరికి దొరికింది ఒక తండ్రీకొడుకుల కథ. అది మీతో పంచుకుందామనే ఇదంతా.

1963 ఆగస్టు. లండన్‌కి పడమర వైపు ఫెల్తమ్ అనే ఊరు. బ్రయన్ మేకి అప్పుడు 16 ఏళ్లు. ఫెండర్, గిబ్సన్ గిటార్లంటే పిచ్చి, కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ మే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, చేతిపనిలో దిట్ట. కొనలేకపోతే మనమే చేద్దాం అనుకున్నారు ఇద్దరూ. దాదాపు రెండేళ్లు పట్టింది. సామాన్లకైన ఖర్చు సుమారు 8 పౌండ్లు.

ఆ సామాన్ల జాబితా చదువుతుంటే మన పాతసామాన్ల కొట్టు గుర్తొస్తుంది. గిటారు మెడకి వాడింది పాత ఫైర్‌ప్లేస్ చుట్టూ బిగించే మహాగని చెక్క. పురుగులు తొలిచిన కన్నాలుంటే అగ్గిపుల్లలు దోపి పూడ్చారు. ఒంటికి పాత టేబుల్ తాలూకు ఓక్ చెక్క, బ్లాక్‌బోర్డు, పైన అందానికి మహాగని పొర. మెడ మీద గుర్తులుగా పెట్టిన తెల్లటి చుక్కలు అమ్మగారి కుట్టు డబ్బాలోంచి తీసిన ముత్యపుచిప్ప గుండీలు.

స్వరాన్ని వణికించే మీట ఉంటుంది చూశారూ, దాని సంగతి ఇంకా బాగుంటుంది. మీట కడ్డీ ఏమో సైకిలు సీటు వెనక సంచీ తగిలించేది. దాని కొసన తొడిగింది స్వెట్టర్లు అల్లే ప్లాస్టిక్ సూది ముక్క. తీగల బిగువుకి ఎదురు లాగేవి పాత పాంథర్ మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు రెండు. మొత్తం పలక ఒక కత్తి అంచు మీద తూగుతుంది, మన త్రాసు ముల్లు తూగినట్టు. ఇదంతా డబ్బు లేక చేసిన సర్దుబాటు అనుకుంటే పొరపాటే. మామూలు గిటారుకి మీట నొక్కి వదిలితే తీగ ఎక్కడో రాపిడికి పట్టేసి శ్రుతి తప్పుతుంది. వీళ్లు ఆ రాపిడిని దాదాపు లేకుండా చేశారు. కత్తి అంచు అందుకే. బ్రిడ్జి దగ్గర ఒక్కో తీగకి ఒక్కో చిన్న రోలరు పెట్టింది కూడా అందుకే. సామాను పాతదే గానీ డిజైన్ మాత్రం అప్పట్లో కొట్లో దొరికేవాటికంటే ముందుంది.

ఒంటి లోపల ఖాళీలు వదిలింది కూడా కావాలనే. యాంప్లిఫయర్ శబ్దానికి గిటారు తిరిగి స్పందించి, స్వరం ఆగకుండా సాగాలని కుర్రాడి కోరిక. జెఫ్ బెక్ వాయించగా చూసి పుట్టిన కోరిక అది.

ఇక పికప్‌లు. మొదట తనే అయస్కాంతాలు తెచ్చి తీగ చుట్టి చేసుకున్నాడు. పనిచేశాయి గానీ, తీగని పక్కకి లాగి స్వరం వంచినప్పుడల్లా ఏదో గరగర. ఇక లాభం లేదని బర్న్స్ కంపెనీ ట్రైసోనిక్ పికప్‌లు మూడు కొన్నాడు. ఈల వేయకుండా వాటిలో అరల్డైట్ పోసి గట్టిపరిచాడు. మన ఇళ్లలో విరిగిన బొమ్మలు అంటించే ఆ అరల్డైటే!

ఇక్కడ మనలాంటివాళ్లకి నచ్చే విషయం ఒకటుంది. మూడు పికప్‌లనీ సిరీస్‌లో కలిపి, ఒక్కోదానికి రెండు స్విచ్చులు పెట్టారు. ఒకటి ఆన్-ఆఫ్, రెండోది ఫేజ్ తిరగేసేది. అంటే ఒక్కో పికప్‌కి మూడు స్థితులు. ఆఫ్, సూటి, తిరగేసింది. 3×3×3 = 27. అన్నీ ఆఫ్‌లో ఉన్నది తీసేస్తే 26. మొత్తం అన్నిటినీ కలిపి తిరగేస్తే చెవికి తేడా తెలీదు కాబట్టి సగం చేస్తే 13. పదమూడు వేర్వేరు గొంతులు, ఆరు స్విచ్చులతో! రెండు పికప్‌ల ఫేజ్ ఎదురెదురుగా ఉన్నప్పుడు కింది స్వరాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, ముక్కుతో పాడినట్టు సన్నటి పదునైన శబ్దం మిగులుతుంది. 1975లో వచ్చిన 'బొహీమియన్ రాప్సొడీ' సోలో అదే.

గిటారు ఒక్కటే ఉంటే సరిపోదు. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గాలగర్ కచేరీ అయిపోయాక ఆయన్ని పట్టుకుని, ఆ శబ్దం ఎలా వస్తోందని అడిగేశాడు మే. ఆయన దాచుకోకుండా చెప్పాడు. వాక్స్ ఏసీ30 యాంప్లిఫయర్, దాని ముందు ఒక ట్రెబుల్ బూస్టర్, అంతే. మే వెళ్లి పాత ఏసీ30లు కొనుక్కున్నాడు.

ఏసీ30 అంటే 30 వాట్లు, నాలుగు ఈఎల్84 వాల్వులు, రెండు 12 అంగుళాల స్పీకర్లు. వాల్వులంటే మన తాతల నాటి రేడియోలు వేడెక్కాక గానీ పాడేవి కాదే, వాటిలో ఉండే గాజు బుడ్లే. ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ని మోతాదు మించి తోస్తే అలని కత్తెరతో కోసినట్టు కోస్తుంది, అదీ మా రూమ్మేటు విన్న మిక్సీ. వాల్వు అలా కాదు, మెల్లగా అణుచుతుంది, అల తల గుండ్రమౌతుంది. మే దాన్ని ఫుల్ వాల్యూమ్‌లో పెట్టేసి వదిలేస్తాడు. ఎక్కువ తక్కువలన్నీ గిటారు మీదున్న నాబ్‌తోనే. నాబ్ తగ్గిస్తే శుభ్రమైన శబ్దం, పెంచితే గర్జన. నేను ఇరవై రెండు వేలు పోసి బటన్లు నొక్కుతూ కూర్చున్నది, ఆయన చిటికెనవేలితో చేసేదాని కోసమన్నమాట.

తీగలు సన్నవి. అన్నిటికంటే సన్నది అంగుళంలో 9 వేల వంతు. సన్నగా ఉంటే సులువుగా వంగుతాయి, గొంతులా జారతాయి. మీటడానికి ప్లాస్టిక్ పిక్ వాడడు, బ్రిటన్ పాత ఆరు పెన్నీల నాణెం వాడతాడు. అది వంగదు కాబట్టి తీగ కదలికంతా వేళ్లకి తెలుస్తుంది. దాని గరుకు అంచు తీగకి తగిలితే స్వరం మొదట్లో చిన్న జీర వస్తుంది. ఆ నాణెం 1980లో చెలామణీలోంచి పోయింది. 1993లో ఆయన పర్యటన కోసం రాయల్ మింట్ వాళ్లు ఆయన బొమ్మతో అచ్చం అలాంటివే ముద్రించి ఇచ్చారు.

అన్నట్టు, శీర్షికలోని చెత్త సంగతి. క్వీన్‌లో బేస్ గిటారు వాయించే జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చదివినవాడు. 1972 ప్రాంతంలో రోడ్డు పక్క చెత్త తొట్టెలో వైర్లు వేలాడుతున్న ఒక సర్క్యూట్ బోర్డు కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లాడు. పాత బుక్‌షెల్ఫ్ స్పీకరు డబ్బాలో పెట్టి, 9 వోల్టుల బ్యాటరీ తగిలించి ఒక బుల్లి యాంప్లిఫయర్ చేశాడు. దాని శక్తి ఒక వాట్ కూడా ఉండదు. మే తన గిటారు దానికి తగిలించి చూస్తే వయొలిన్‌లాగా, ట్రంపెట్‌లాగా పలికింది! 1975 నాటి 'గుడ్ కంపెనీ' పాటలో జాజ్ బ్యాండు మొత్తం వాయిస్తున్నట్టు ఉంటుంది కదా, అదంతా ఈ గిటారూ ఈ డబ్బానే, పొర మీద పొర రికార్డు చేసింది. ఆ బోర్డు సూపర్‌సోనిక్ కంపెనీ పీఆర్80 పోర్టబుల్ రేడియోలోదని చాలా ఏళ్ల తర్వాత తేలింది.

ఇంతవరకూ సామాన్ల చరిత్ర. నన్ను ఆపింది మాత్రం ఆ తర్వాత జరిగింది.

గిటారు పూర్తయ్యాక మే ఇంపీరియల్ కాలేజీలో ఫిజిక్స్ చదివి, అంతరిక్ష ధూళి మీద పీహెచ్‌డీ మొదలెట్టాడు. 1974లో బ్యాండు కోసం దాన్ని మధ్యలో వదిలేశాడు. హెరాల్డ్ తట్టుకోలేకపోయాడు. రెండేళ్లు పక్కన కూర్చుని చెక్క చెక్కింది ఆయనే, కానీ ఆ చెక్కనే నమ్ముకుని కొడుకు చదువు వదిలేస్తానంటే ఒప్పుకోలేదు. చాలాకాలం ఇద్దరి మధ్యా సరిగా మాటల్లేవు. మన ఇళ్లలో జరిగేదే, ఊరు మాత్రమే వేరు.

తర్వాత న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో క్వీన్ కచేరీకి మే తల్లిదండ్రుల్ని కాంకర్డ్ విమానంలో రప్పించాడు. హెరాల్డ్ ఆ విమానం ల్యాండింగ్ పరికరాల మీద పనిచేసినవాడు, ఎప్పుడూ అందులో ఎక్కలేదు. ఆ రాత్రి కచేరీ చూశాక ఆయన, ఇప్పుడు అర్థమైందని ఒప్పుకున్నాడని మే చాలాసార్లు చెప్పాడు. హెరాల్డ్ 1988లో పోయారు. 2002లో బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి మే వాయించింది ఆ గిటారే. 2007లో పీహెచ్‌డీ కూడా పూర్తి చేశాడు. అదీ నాన్న చూడలేదు.

ఇదంతా చదివిన శనివారం ఊరికి బస్సెక్కా. నాన్న రిటైర్ కాకముందు ఊళ్లో రేడియోలు, టీవీలు బాగుచేసేవారు. అటక మీద పాత ట్రాన్సిస్టర్ ఉందా అని అడిగా. ఎందుకురా అన్నారు. గిటారు తగిలిద్దాం అన్నా. కాసేపు నన్ను అలా చూసి, "వాల్యూమ్ కంట్రోల్ దగ్గర ఇవ్వాలి సిగ్నల్. నీకు సోల్డరింగ్ వచ్చా?" అన్నారు. రాదు. నాలుగేళ్లు ఈసీఈ చదివాను, రాదు.

ముప్పావుగంటలో ఆయనే అతికించేశారు. శబ్దం బ్రయన్ మేలాగా లేదు, పట్టుబడ్డ కోడిపెట్టలా ఉంది :) నాన్న తల అడ్డంగా ఊపి, స్పీకరు మార్చాలి, రేపు ఇంకోటి వెతుకుదాం అన్నారు.

సోమవారం సెలవు పెట్టా. ఎలాగూ బెంచ్ మీదే ఉన్నాగా.