వైన్ (సాఫ్టువేరు)

వైన్ అనేది మైక్రోసాఫ్ట్ విండోస్ కొరకు తయారైన ప్రోగ్రాములను లినక్సు వంటి ఇతర ఆపరేటింగ్ సిస్టములపై నడిపించే స్వేచ్ఛా సాఫ్టువేరు. దీని నిర్మాణం 1993లో ప్రారంభమైనది. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్డ్ దీనికి నాయకత్వం వహిస్తున్నాడు. మొదటి స్థిరమైన కూర్పు (1.0) వెలువడటానికి పదిహేనేళ్ళు పట్టింది, అది 2008 జూన్ 17న విడుదలైనది.

పేరు

"వైన్ ఈజ్ నాట్ యాన్ ఎమ్యులేటర్" అనే వాక్యం నుండి ఈ పేరు వచ్చింది. ద్రాక్షసారాయితో సంబంధం లేకపోయినా, చిహ్నంలో మాత్రం సారా గ్లాసే ఉంటుంది.

పనిచేసే విధానం

ఫైలు తెరవాలన్నా, తెరపై అక్షరం చూపాలన్నా ప్రతి ప్రోగ్రాము ఆపరేటింగ్ సిస్టమునే అడగాలి. విండోస్ ప్రోగ్రాము చేసే అటువంటి పిలుపులను వైన్ అందుకొని, లినక్సుకు అర్థమయ్యే పిలుపులుగా మారుస్తుంది. కనుక విండోస్ కాపీ గాని, దాని లైసెన్సు గాని అవసరం లేదు. వాడుకరి ఫోల్డరులోనే ఒక "సి" డ్రైవు ఏర్పడుతుంది. అయితే వాడుకరి సొంత ఫైళ్ళు కూడా విండోస్ ప్రోగ్రాములకు అందుబాటులో ఉంటాయి. అందువలన విండోస్ వైరస్‌లు ఇక్కడ హాని చేయలేవనుకోవడం పొరపాటు.

2018లో వాల్వ్ సంస్థ వైన్ ఆధారంగా ప్రోటాన్‌ను విడుదల చేసిన తరువాత ఆటల రంగంలో దీని వాడకం బాగా పెరిగింది.

తెలుగు డీటీపీ

హైదరాబాదు మొదలుకొని జమ్మికుంట వంటి చిన్న పట్టణాల వరకు పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు ఎక్కువగా అడోబ్ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కూర్చబడ్డాయి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన కూర్పు (7.0) 2001లో వచ్చింది, లినక్సు కూర్పు ఎన్నడూ రాలేదు. పాత ఫైళ్ళు తెరవవలసిన ముద్రాపకులు లినక్సుకు మారడానికి ఇదే పెద్ద అడ్డంకి.

వైన్ ఈ చిక్కును కొంతవరకే తీరుస్తుంది. ప్రోగ్రాము తెరుచుకున్నా, తెలుగు కీబోర్డు సాఫ్టువేరు వైన్ లోపలి ప్రోగ్రాములకే పరిమితం. పక్కనే ఉన్న లినక్సు ప్రోగ్రాములో అది పనిచేయదు. హార్డువేరు లాకు అడిగే సాఫ్టువేర్లు లాకు డ్రైవరు దొరకక తరచు ఆగిపోతాయి. అన్నిటికంటె ముఖ్యమైనది, అను పాఠ్యం యూనికోడ్ కాదు. ఆంగ్ల అక్షరాల స్థానాలలో తెలుగు ముక్కలను అమర్చిన పద్ధతి అది. ఫాంటు లేనిచోట అదంతా అర్థంలేని రోమన్ అక్షరాలుగా కనిపిస్తుంది, అందులో తెలుగు పదాన్ని వెదకడం సాధ్యం కాదు. వైన్ ప్రోగ్రామును నడిపిస్తుందే గాని పాఠ్యాన్ని మార్చదు. యూనికోడ్‌కు మార్చే పరికరాలు వేరే వాడాలి, ఒత్తులు సరిచూసుకోవాలి.

పోతన, వేమన వంటి యూనికోడ్ ఫాంట్లతో కూర్చిన పాఠ్యం వైన్ లేకుండానే లినక్సులో తెరుచుకుంటుంది.