రేకుల కొట్టం ముందు కుర్రాడు

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రపు చిన్న ఊరు కామర్స్. సౌత్ క్విన్సీ వీధిలో చెక్క ఇల్లు, పక్కన తుప్పుపట్టిన రేకుల కొట్టం. బేస్‌బాల్ ఆటగాడు మిక్కీ మాంటిల్ పెరిగిన ఇల్లని చూడ్డానికి వెళ్లేవాళ్లు అసలు చూడాల్సింది ఆ కొట్టాన్నే. వాడికి ఆట వచ్చింది దాని ముందే.

తండ్రి మట్ సీసం, జింకు గనుల్లో పనిచేసేవాడు. కొడుక్కి ఆనాటి పేరున్న ఆటగాడు మిక్కీ కాక్రేన్ పేరే పెట్టుకున్నాడు. గని నుంచి రాగానే బంతులు విసిరేవాడు. తాతా విసిరేవాడు. తండ్రిది ఒక చేతివాటం, తాతది ఇంకోటి. పిల్లాడికి రెండు వైపుల నుంచీ కొట్టడం అబ్బింది.

1951లో, 19 ఏళ్లకే న్యూయార్క్ యాంకీస్ జట్టులోకి వచ్చాడు. ఆ అక్టోబరులో ఛాంపియన్‌షిప్ పోటీ వరల్డ్ సిరీస్ ఆడుతూ, బంతి కోసం పరిగెత్తుతుంటే మైదానంలోని నీటికాలువ మూతలో బూటు ఇరుక్కుని కుడి మోకాలు పోయింది. ఆస్పత్రి దగ్గర కారు దిగి తండ్రి భుజం ఆసరా తీసుకున్నాడు. తండ్రే కుప్పకూలాడు. ఇద్దర్నీ ఒకే గదిలో చేర్చారు. మట్‌కి హాడ్జ్‌కిన్స్ కాన్సర్. తాతను తీసుకుపోయిందీ అదే. మరుసటి మే నెలలో మట్ పోయాడు, నలభై ఏళ్లకే.

తన ఆయుష్షూ అంతేనని మిక్కీ తేల్చేసుకున్నాడు. అలా అనుకున్నవాడు ఒంటిని దాచుకుంటాడా? తాగాడు. తాగుతూనే, మోకాళ్లకు కట్లు కట్టుకుని 18 సీజన్లు ఆడాడు. 1956లో ట్రిపుల్ క్రౌన్ (ఒకే సీజన్‌లో బ్యాటింగ్ సగటు, హోమ్ రన్లు, జట్టుకి తెచ్చిన పరుగులు, మూడింటిలోనూ మొదటి స్థానం), మొత్తం 536 హోమ్ రన్లు, జట్టుకి ఏడు వరల్డ్ సిరీస్‌లు. ఆఖరి సీజన్‌లో జీవితకాలపు బ్యాటింగ్ సగటు .300 దిగి .298 దగ్గర ఆగిందని మాత్రం చచ్చేదాకా కుమిలిపోయాడు. నాకు ఇదే మింగుడుపడదు: అంత చిన్న తేడాను లెక్కపెట్టుకున్న మనిషి, సీసాల లెక్క చూసుకోవడానికి 1994 దాకా ఆగాడు. ఆ ఏడాది చికిత్సలో చేరి మానేశాడు. అప్పటికే కాలేయం పాడైపోయింది.

భయపడ్డ జబ్బు తనకు రానేలేదు, కొడుకు బిల్లీకి వచ్చింది. బిల్లీ ఆ 1994లోనే గుండె ఆగి 36 ఏళ్లకు పోయాడు.

1995 జూన్‌లో మిక్కీకి కాలేయ మార్పిడి చేశారు. జూలైలో విలేఖరుల ముందు, చిక్కి సగమై కూర్చుని, పిల్లలు తనలా కావద్దని చెప్పాడు. ఆగస్టు 13న కాలేయ కాన్సర్‌తో చనిపోయాడు. 63 ఏళ్లు, తండ్రి కన్నా ఇరవై మూడేళ్లు ఎక్కువ.