కమ్యూనిస్టు రాజ్యాల మీద డార్క్ కామెడీ: లోపలి నుంచి వచ్చిన నవ్వు

ఆర్మాండో ఇయానూచీ 'ది డెత్ ఆఫ్ స్టాలిన్' 2017లో విడుదలైనప్పటి నుంచీ, కమ్యూనిస్టు పాలన మీద వచ్చిన హాస్య చిత్రాల గురించి రాసేవాళ్ళు రెండు మాటలు ఖాయం చేసుకున్నట్టు కనిపిస్తుంది. ఆ భయాన్ని చూసి నవ్వగలిగింది బయటివాళ్ళు, లేదా పాలన కూలిపోయాక సినిమాల్లోకి వచ్చినవాళ్ళు అనేది మొదటి మాట. లోపల ఉన్నవాళ్ళు నవ్వినా సెన్సారుకు దొరక్కుండా అన్యాపదేశంగా నవ్వారు, ఆ అణచివేతే వాళ్ళ కళకు పదును పెట్టింది అనేది రెండోది. మొదటి మాట తారీఖులు చూస్తే నిలవదు. రెండో మాట కళాకారుడికి దక్కాల్సిన ఘనతను పోలీసుకు కట్టబెడుతుంది. నా అభ్యంతరం ఎక్కువగా దాని మీదే.

సోవియట్ తొలి దశ కథ తెలిసిందే. మయకోవ్‌స్కీ నాటకాలు కొత్త అధికారగణాన్ని ఎండగట్టాయి. 1935లో మెద్వేద్కిన్ 'సంతోషం' అనే మూకీ తీశాడు. ఆ తర్వాత అలెగ్జాండ్రోవ్ పాటల సినిమాలు తెరను ఆక్రమించాయి. వాటిలో 'వోల్గా వోల్గా' స్టాలిన్ మెచ్చిన చిత్రం. దానికి ఛాయాగ్రహణం చేసిన వ్లదీమిర్ నీల్సెన్‌ను 1937లో అరెస్టు చేశారు, 1938 జనవరిలో కాల్చి చంపారు. సినిమా విడుదలైంది ఆ ఏప్రిల్‌లో. 1956 ఫిబ్రవరిలో క్రుశ్చేవ్ రహస్య ప్రసంగం తర్వాత గాలి మారింది. 1960లో పోలండ్‌లో ఆంద్రే ముంక్ తీసిన చిత్రంలో పిష్చిక్ అనే అమాయకుడు, ఏ ప్రభుత్వం వస్తే దానికి తగ్గట్టు ఒదిగిపోదామని చూసి ప్రతిసారీ దెబ్బ తింటాడు. 1966లో క్యూబా ప్రభుత్వ సంస్థే 'ఒక బ్యూరోక్రాట్ మరణం' తీయించింది. అందులో ఒక కార్మికుణ్ణి గుర్తింపు కార్డుతో సహా పూడ్చిపెడతారు. అది లేకుండా భార్యకు పింఛను రాదు. శవాన్ని దొంగచాటుగా బయటికి తీశాక మళ్ళీ పూడ్చడానికి అనుమతి దొరకదు.

అసలు తగువంతా 1963 నుంచి 1969 దాకా ప్రాగ్‌లో, బుడాపెస్ట్‌లో జరిగినదాని గురించే. చెక్ సినిమా వికాసానికి చరిత్రకారులు చెప్పే కారణాలు మనకు కంఠస్థం: 1946లో పెట్టిన ఫిల్మ్ స్కూలు ఫాము, ఇటలీ నవ్యవాస్తవికత, 1963లో లిబ్లిత్సెలో జరిగిన కాఫ్కా సదస్సు. వీటిని నేను తోసిపుచ్చను. కానీ ఇవి మంచి సినిమాలు ఎందుకు వచ్చాయో చెబుతాయి గానీ, అంత చేదు నవ్వు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పవు. నా దృష్టిలో దాని మూలం న్యాయస్థానంలో ఉంది.

1952 నవంబరులో ప్రాగ్‌లో, కమ్యూనిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన రుడోల్ఫ్ స్లాన్‌స్కీనీ మరో పదముగ్గుర్నీ దేశద్రోహులుగా బోనెక్కించారు. ప్రశ్నలూ జవాబులూ ముందే రాశారు. ముద్దాయిల చేత వాటిని బట్టీ పట్టించి, రిహార్సల్ చేయించారు. విచారణను రేడియోలో ప్రసారం చేశారు, ఫిల్ము మీద చిత్రీకరించారు. డిసెంబరు 3న పదకొండు మందిని ఉరితీశారు. ప్రాణంతో మిగిలిన ముగ్గురిలో ఒకరైన ఆర్టర్ లండన్, తన పాఠాన్ని ఎలా వల్లె వేయించారో తర్వాత పుస్తకంగా రాశాడు. స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడిన ఆ మనిషి, తన నమ్మకాన్ని వదులుకోకుండానే ఆ పుస్తకం రాశాడు. స్క్రిప్టు, తర్ఫీదు, నటులు, మైకు, కెమెరా, ముందే తెలిసిన ముగింపు: దర్శకులు సినిమా తీయకముందే రాజ్యం తీసి పెట్టింది.

1963లో చెకొస్లొవాకియా సుప్రీంకోర్టు ఆ తీర్పులను కొట్టేసింది. అంతకు ముందు ఏడాది హంగరీ పార్టీ ఇలాంటి విచారణలకు బాధ్యుడైన రాకోషిని బహిష్కరించింది. అంటే ఆ వాంగ్మూలాలు కట్టుకథలని రాజ్యమే ఒప్పుకుంది. వాటిని నమ్మి చేతులెత్తిన వాళ్ళు, భయపడి సంతకాలు చేసిన వాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, అవే ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. ఏడవడానికీ నవ్వడానికీ మధ్య గీత చెరిగిపోయింది అక్కడే అని నా వాదన.

ఈ వాదనకు హద్దులున్నాయి. పోలండ్‌లో పార్టీ నాయకుడు గోముల్కాను నిర్బంధించారు గానీ బహిరంగ విచారణ జరపలేదు. అయినా ముంక్ సినిమా అందరికన్నా ముందే వచ్చింది. మీలోష్ ఫోర్మన్ 'ఫైర్‌మెన్స్ బాల్' (1967)లో పార్టీ ప్రస్తావన లేదు, కోర్టు లేదు. ఒక చిన్న ఊరి అగ్నిమాపక దళం జరుపుకునే వేడుకలో లాటరీ బహుమతులు ఒక్కొక్కటే మాయమవుతాయి. ఇల్లు కాలిపోతున్న ముసలాయన చలికి వణుకుతుంటే ఆయన కుర్చీని మంటకు దగ్గరగా జరుపుతారు. అయితే ఆ సినిమాలో కూడా, దొంగిలించిన సరుకును తిరిగి పెట్టబోయినవాడే దొరికిపోతాడు. నిజాయితీ చూపినవాడి మీదే నేరం పడే ఆ తర్కం ఎక్కడిదో ప్రాగ్ ప్రేక్షకులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

హంగరీలో పీటర్ బాచో 1969లో తీసిన 'సాక్షి'లో ఈ సంబంధం సూటిగా కనిపిస్తుంది. మన బాపు 'సాక్షి'తో దీనికి పేరొక్కటే పోలిక. యోజెఫ్ పెలికాన్ డాన్యూబ్ గట్టుకు కాపలాదారు. పిల్లల కోసం దొంగచాటుగా పందిని కోసి దొరికిపోతాడు. జైలుకు వెళ్ళాల్సినవాడికి వరసగా పెద్ద పదవులు కట్టబెడతారు: ఈతకొలను, వినోదాల పార్కు, చివరికి నారింజ పరిశోధన కేంద్రం. ఎంతో శ్రమపడి పండించిన ఒక్కగానొక్క నారింజను పిల్లవాడు తినేస్తే, వేడుకకు వచ్చిన పెద్దమనిషి చేతిలో నిమ్మకాయ పెట్టి, అదే హంగరీ నారింజ అని చెబుతారు. చెడగొట్టిన ప్రతి పనికీ అతనికి క్షమాపణ ఎందుకు దొరుకుతోందో ఆఖర్న తెలుస్తుంది. మంత్రిగా ఉన్న తన పాత స్నేహితుడి మీద అతను అబద్ధపు సాక్ష్యం చెప్పాలి. కోర్టుకు ముందు చదువుకొమ్మని ఇచ్చిన కాగితంలో తన వాంగ్మూలం బదులు తీర్పు రాసి ఉంటుంది.

దీని వెనక ఉన్నది లాస్లో రాయ్క్ కథ. హోంమంత్రిగా, విదేశాంగ మంత్రిగా పనిచేసిన రాయ్క్‌ను 1949 అక్టోబరు 15న ఉరితీశారు, 1956 అక్టోబరు 6న గౌరవంగా మళ్ళీ ఖననం చేశారు. ఉరి వేసిన నాటి హోంమంత్రి యానోష్ కాదార్. 'సాక్షి' తయారైన నాడు దేశాన్ని ఏలుతున్నదీ ఆయనే. మధ్యలో 1951 నుంచి 1954 దాకా ఆయన కూడా జైల్లో ఉన్నాడు. ప్రభుత్వ స్టూడియో డబ్బు పెట్టి తీయించిన ఈ చిత్రాన్ని ప్రభుత్వమే పదేళ్ళపాటు డబ్బాలో పెట్టింది. ఇందులో అన్యాపదేశం ఎక్కడుంది? పేర్లు మార్చారు, అంతే.

సెన్సారు కళకు పదును పెట్టిందనే మాటను ఇక్కడే పరీక్షించాలి. చెకొస్లొవాకియాలో 1968 జూన్‌లో సెన్సారును చట్టప్రకారం ఎత్తేశారు. బర్రాందోవ్ స్టూడియోలో కథలను ఎంపిక చేసే అధికారం రచయితలూ దర్శకులూ ఉన్న నిర్మాణ బృందాల చేతిలో ఉండేది. పెట్టుబడి ప్రభుత్వానిది, వసూళ్ళ బెంగ లేదు. 'ఫైర్‌మెన్స్ బాల్' చూసి పెట్టుబడి వెనక్కి అడిగినవాడు ఇటలీ నిర్మాత కార్లో పోంటీ, ఒక ప్రైవేటు వ్యాపారి. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు వచ్చాక కూడా ఆ వేగం కొంతకాలం ఆగలేదు. దర్శకుడు యీరీ మెంజెల్, రచయిత హ్రబాల్ కథల ఆధారంగా 'తీగ మీది భరతపక్షులు' పూర్తిచేశాడు. క్లాద్నో తుక్కు యార్డులో తత్వశాస్త్రం ప్రొఫెసర్, సంగీతకారుడు, ప్రాసిక్యూటరు 'బూర్జువా అవశేషాలు'గా ఇనుము ఏరుతుంటారు. వాళ్ళతోపాటు పనిచేస్తూ మాయమైన పాలవాడు ఏమయ్యాడని అడిగిన ప్రొఫెసర్ కూడా మాయమవుతాడు. సినిమాను 1990 దాకా తొక్కిపెట్టారు. ఆ ఏడాది బెర్లిన్‌లో దానికి గోల్డెన్ బేర్ వచ్చింది. 1970 తర్వాత నిర్మాణ బృందాలను చెదరగొట్టి, సెన్సారును మళ్ళీ పూర్తిగా విధించారు. అణచివేతే గొప్ప కళను పుట్టించేదైతే ఆ దశాబ్దం స్వర్ణయుగం కావాలి. మెంజెల్ అంతటివాడు 1974లో ప్రభుత్వం మెచ్చే సినిమా తీసి గానీ మళ్ళీ పనిలోకి రాలేకపోయాడు.

1989 తర్వాత ఈ హాస్యానికి అడ్డులేదు, భయమూ లేదు. భయం పోవడం మనుషులకు మేలు. సినిమాకు ఎంత మేలు జరిగిందన్నది వేరే ప్రశ్న. 'గుడ్ బై లెనిన్' (2003) హాయిగా చూడవచ్చు, కానీ తూర్పు జర్మనీని అది పచ్చడి సీసాల జ్ఞాపకంగా కుదించింది. రుమేనియాలో 2006లో పోరుంబోయు తీసిన '12:08 ఈస్ట్ ఆఫ్ బుకారెస్ట్' మాత్రం పాత వరసకు నిజమైన వారసురాలు. నియంత చౌషెస్కూ పారిపోక ముందు మా ఊరి చౌరస్తాలో ఎవరైనా ఉన్నారా అని ఒక టీవీ చర్చలో తేల్చుకోలేక తికమకపడే మామూలు మనుషుల కథ అది.

'ది డెత్ ఆఫ్ స్టాలిన్' విషయంలో నా ఫిర్యాదు తేదీల గురించి కాదు. 1953 జూన్ 26న అరెస్టయి డిసెంబరు 23న మరణశిక్ష పొందిన రహస్య పోలీసుల పెద్ద బెరియాను సినిమా స్టాలిన్ అంత్యక్రియల వెంటనే చంపేస్తుంది. ఆ స్వేచ్ఛ కళకు ఉంది. రేడియో కచేరీ దృశ్యం అద్భుతం. రికార్డు చేయని కచేరీని నాయకుడు అడిగాడని, వెళ్ళిపోతున్న జనాన్ని ఆపి, వీధిలో పోయేవాళ్ళను తెచ్చి కూర్చోబెట్టి మళ్ళీ వాయిస్తారు. పియానో విద్వాంసురాలు యూదినా మీద ఉన్న ఆ కథ చరిత్రగా నిలవకపోయినా, భయం కింద ఉద్యోగం చేసే మనిషిని చూపిస్తుంది. ఆ తర్వాత సినిమా క్రెమ్లిన్ గదుల్లోకి పోయి మళ్ళీ బయటికి రాదు. పదవి లేనివాళ్ళు అందులో చనిపోవడానికే కనిపిస్తారు. పెలికాన్‌కు అక్కడ చోటు లేదు. 2018 జనవరిలో రష్యా, విడుదలకు రెండు రోజుల ముందు దీన్ని నిషేధించింది. అది తప్పు. ఆ నిషేధాన్నే సినిమాకు యోగ్యతాపత్రంగా చూపడం కూడా తప్పే.

'సాక్షి'లోని నారింజకు తర్వాత పట్టిన గతి కూడా చెప్పుకోవాలి. హంగరీలో 1989లో ఫిదెస్ అనే యువజన పార్టీ పెట్టిన పత్రికకు బాచో సినిమా నుంచే 'మజ్యార్ నారంచ్', అంటే 'హంగరీ నారింజ', అని పేరు పెట్టారు. ఆ పార్టీ గుర్తూ నారింజే. 2010లో తిరిగి అధికారంలోకి వచ్చాక మీడియాను గుప్పిట్లో పెట్టుకున్నదీ ఆ పార్టీయే.

సోవియట్ దేశం తెలుగువాళ్ళకు ముందుగా పరిచయమైంది ప్రగతి, రాదుగ ప్రచురణలుగా, విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల్లో. ఆ పుస్తకాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు ఈ చిత్రాలను శత్రు ప్రచారంగా పక్కన పెడితే నష్టం వాళ్ళదే. ఇవి ఆ స్టూడియోల్లో, ఆ డబ్బుతో, ఆ సమాజాన్ని సొంతమనుకున్నవాళ్ళు తీసినవి. మన ఫిల్మ్ క్లబ్బులకు నా విన్నపం ఒక్కటే: ఇయానూచీ చిత్రాన్ని తప్పకుండా వేయండి, కానీ అంతకు ముందు వారం 'సాక్షి' వేయండి.